గాలికాలం కంప్యూటరు

తొలకరి పడిందంటే మా వజ్రకరూరు చేలల్లో కొత్త మనుషులు కనిపిస్తారు. గుంతకల్లు, కర్నూలు, అటు బళ్లారి వైపు ఊళ్ల నుంచి వచ్చి, వాన కడిగిన నేల మీద తల వంచుకుని వజ్రాల కోసం వెతుకుతూ తిరుగుతారు. భూమి లోతుల్లోంచి వజ్రాన్ని పైకి మోసుకొచ్చిన కింబర్లైటు రాతి గొట్టాలు ఇక్కడ ఉన్నాయి కాబట్టి వాళ్లది ఉత్త ఆశ కాదు. నాకు మాత్రం మొదటి ఉరుము వినబడగానే కాళ్లు మా చిన్నాయన ఇంటివైపు పోతాయి. అక్కడ నడవలో ఒక పాత కంప్యూటరు ఉంది. ముందు దాని ప్లగ్గు పీకాలి, తర్వాత నెట్టు తీగ పీకాలి. స్విచ్చి ఆపినంత మాత్రాన పిడుగు ఆగదు. ఆకాశం నుంచి ఇంత దూరం దూకొచ్చినదానికి స్విచ్చిలోని సందు ఒక లెక్క కాదు.

చిన్నాయన ఇంట్లోనే డీటీపీ పని చేస్తాడు. పెళ్లిపత్రికలు, జాతర కరపత్రాలు, అర్జీలు. అన్నీ పేజ్‌మేకరులో, అను ఫాంట్లతో. పేజ్‌మేకరు 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది రాలేదు. పాత విండోసులో అది కుదురుగా నడుస్తుంది కాబట్టి తెలుగు జిల్లాల్లో చాలా డీటీపీ సెంటర్లు పాత యంత్రాలను ఇంకా వదల్లేదు. మా చిన్నాయన దాన్ని వదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లు పాడే చెక్కభజన పాటలను ఏళ్ల తరబడి విని రాసుకుని అందులో టైపు చేసి పెట్టాడు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

"కొత్తది కొనుక్కోరాదా చిన్నాయనా?" అంటే ఆయన ఒకటే అడిగాడు: "దీంట్లో ఉండే పాటలు దాంట్లోకి వస్తాయా అబ్బీ?"

ఆ ప్రశ్నకు సూటిగా అవునని చెప్పలేం. ఎందుకో తర్వాత చెబుతాను. ఈ యంత్రాన్ని ఇంకొన్నేళ్లు బతికించుకోవాలంటే మొదట చూడవలసింది దుమ్ము.

పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్నాం మేము. నైరుతి రుతుపవనాలు వానను కనుమల అవతలే దించేసి, మాకు గాలిని పంపుతాయి. ఉరవకొండ చుట్టూ గాలిమరలు అన్ని నిలబడింది ఆ గాలిని నమ్ముకునే. జూన్, జూలై నెలల్లో ఆ గాలి పొడిచేల మన్నును లేపి ఇళ్లలోకి కొడుతుంది. కంప్యూటరు డబ్బాకు వెనక ఒక ఫ్యాను, లోపల ప్రాసెసరు మీద ఇంకో ఫ్యాను ఉంటాయి. రోజంతా అవి ఆ గాలినే పీల్చి లోపల తిప్పుతాయి. ప్రాసెసరు వేడిని లాగే అల్యూమినియం రెక్కల సందుల్లో మన్ను చేరి పొరలా పేరుకుంటుంది. వేడి బయటికి పోదు. వేడి హద్దు దాటితే కాలిపోకుండా ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉంటే దానికి వేరే దారి లేదు. బయటినుంచి చూసేవాళ్లకు "కంప్యూటరు ముసలిదైంది" అనిపిస్తుంది. వైరస్ పట్టిందని కొందరు, విండోసు మళ్లీ వేయాలని కొందరు డబ్బులు కట్టి వస్తారు. మూత తీసి చూసినవాళ్లు తక్కువ.

చూడడం కష్టమైన పనేం కాదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ను ఒకసారి నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్కమూత తీసి, మెత్తని కుంచెతో రెక్కల మధ్య మన్ను దులపాలి. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. తడిగుడ్డ అసలు వద్దు. బ్లోయరు వాడేవాళ్లు ఫ్యానును వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది గిరగిర తిరిగి తానే కరెంటు పుట్టిస్తుంది, బేరింగు కూడా పాడవుతుంది. ప్రాసెసరుకు, రెక్కల దిమ్మకు మధ్య పూసే పేస్టు ఏళ్లకు ఎండి పెళుసవుతుంది. దాన్ని తుడిచి కొత్తది పూయడం చేతికి అలవాటున్నవాళ్లు చేస్తే మేలు. గాలికాలం మొదలుకాకముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి ఈ పని చేసుకుంటే చాలు.

మా నేలలో దుమ్ముతో పాటు చూసుకోవలసింది ఎర్తు. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంత పూడుస్తారు, ఆ తర్వాత దాన్ని మరిచిపోతారు. గుంతలో తడి ఉంటేనే అది కరెంటును నేలలోకి దించగలదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మాది. అదీ అన్ని ఏళ్లూ నమ్మేది కాదు. ఎండాకాలం వచ్చేసరికి గుంత ఎండి రాయిలా ఉంటుంది. అప్పుడు కంప్యూటరు డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. పిడుగు పోటును పక్కకు మళ్లించవలసిన స్పైక్ బస్టర్ కూడా ఎర్తు లేకపోతే పేరుకే ఉన్నట్టు. గుంతలో బిందెడు నీళ్లు పోస్తే మళ్లీ పనిచేస్తుంది. తాగునీటికి కాచుకు కూర్చునే ఊళ్లో కంప్యూటరు కోసం నీళ్లు పోయమనడం నాకు నోరురాని మాట. కానీ బట్టలు జాడించిన నీళ్లు చాలు, అవీ వృథాగా పోయేవే.

యూపీఎస్ గురించి ఒక్క మాట. దాంట్లో ఉండే సీసపు బ్యాటరీ వేడికి త్వరగా చస్తుంది. రెండు మూడేళ్లకు మార్చకపోతే, కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటరూ పోతుంది. ఫైలు రాస్తున్న సమయంలో పోతే ఆ ఫైలే కాదు, ఒక్కోసారి డిస్కు కూడా చెడుతుంది.

ఇక వేగం. పాత కంప్యూటరు నెమ్మదికి అసలు చోటు ఎక్కువగా హార్డ్ డిస్కే. అందులో పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే, వాటి మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదిలి కావలసిన ముక్కను వెతుక్కుంటుంది. ఒక్కొక్క వెతుకులాటకు సెకనులో నూరో వంతు అటూ ఇటూ పడుతుంది. తక్కువే అనిపిస్తుంది గానీ, కంప్యూటరు తెరిచేటప్పుడు చెల్లాచెదురుగా పడివున్న వేల ముక్కలను ఏరుకోవాలి. అందుకే అంతసేపు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే చెయ్యి లేదు. పాత యంత్రంలో సాటా తీగ ఉంటే చాలు, ఎస్ఎస్‌డీ తగిలించవచ్చు. చిన్నాయన యంత్రానికి పెట్టిన రోజు ఆయన స్విచ్చి వేసి అలవాటు ప్రకారం టీ పెట్టడానికి వంటింట్లోకి పోయాడు. స్టవ్ ముట్టించేలోపే తెర మీద బొమ్మలన్నీ వచ్చేశాయి. పాత యంత్రం మీద పెట్టే రూపాయికి ఇంతకంటే ఫలితమిచ్చేది నేను చూడలేదు. దాని తర్వాత ర్యాము. 2 జీబీతో ఇవాళ్టి బ్రౌజరు సాఫీగా నడవదు. జాగా చాలక, ర్యాములో ఉండవలసినదాన్ని డిస్కు మీదికి తోస్తూ లాగుతూ ఉంటుంది. 4 జీబీ చేస్తే మొదటి ఊపిరి వస్తుంది, 8 అయితే కుదుటపడుతుంది. అయితే 32 బిట్ల విండోసు 4 జీబీకి మించి వాడుకోలేదు. అది చూసుకుని కొనాలి.

వేగం పెంచుతామని ఊరించే క్లీనర్లను, బూస్టర్లను మాత్రం దగ్గరికి రానివ్వకూడదని గట్టిగా చెబుతాను. రిజిస్ట్రీ శుభ్రం చేసే ప్రోగ్రాములను మైక్రోసాఫ్టు కూడా సమర్థించదు. అవి చేస్తామనే పనిలో పనికొచ్చే భాగం విండోసులోనే ఉంది. టాస్క్ మేనేజరు తెరిచి, కంప్యూటరుతో పాటు లేచే ప్రోగ్రాములలో అక్కరలేనివాటిని ఆపుకోవడం. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయడం. అంతే.

ఒక చిన్న జబ్బు చాలామందిని తిప్పలు పెడుతుంది కాబట్టి చెప్పాలి. తెరిచిన ప్రతిసారీ తేదీ పదేళ్లో పదిహేనేళ్లో వెనక్కి పోతుంది. బ్యాంకు సైటు తెరవదు, మీభూమిలో అడంగల్ రాదు, ఈ సైటు సురక్షితం కాదని తెర నిండా ఎర్రటి హెచ్చరిక. నెట్టు చెడిందని అనుకుంటారు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అని అడిగితే గడియారాల కొట్లో కూడా ఇస్తారు. అది అయిపోయింది. సైటు చూపించే భద్రతా పత్రానికి మొదలు, చివర తేదీలు ఉంటాయి. మీ గడియారం 2009లో ఉంటే నేటి పత్రం దానికి ఇంకా పుట్టనే లేదు. కొత్త బ్యాటరీ వేసి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి.

వేగం సంగతి అయింది. కాపాడుకోవడం ఇంకా పెద్ద సంగతి. 2017 మే 12న వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ బయలుదేరి, 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో ఇమ్మంది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు దానికి చిక్కాయి. అది దూరిన కంతను మూసే అప్‌డేటును మైక్రోసాఫ్టు ఆ మార్చిలోనే ఇచ్చింది. ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 యంత్రాలు, అంటే ఆ అప్‌డేటు అందుబాటులో ఉండి కూడా వేసుకోనివి. యంత్రం పాతదైనందుకు కాదు, అప్‌డేటు ఆపేసినందుకు పోయాయి. దొంగ విండోసు వేయించుకున్న ఇళ్లలో అప్‌డేట్లను మొదటిరోజే ఆపేస్తారు, దొరికిపోతుందని. దొంగ విండోసును అసలుదిగా చలామణీ చేయించే చిన్న ప్రోగ్రామే ఒక్కోసారి వైరస్‌ను వెంటబెట్టుకొస్తుంది.

మన ఊళ్లలో వైరస్ ఎక్కువగా నడిచే దారి పెన్‌డ్రైవు. ప్రింటు కోసం నలుగురి యంత్రాలు తిరిగొచ్చిన పెన్‌డ్రైవులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారితే ఫైళ్లు పోయాయని ఏడ్చి ఫార్మాట్ కొట్టేవాళ్లను చూశాను. అవి పోవు, దాగుతాయి. ఆ షార్ట్‌కట్లను నొక్కకుండా, వైరస్ లేని యంత్రంలో యాంటీవైరస్‌తో గాలించి, దాచిన ఫైళ్లను చూపించమంటే కనిపిస్తాయి. ఫార్మాట్ కొట్టాక మాత్రం కష్టం.

విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్ 10 వాడే ఇళ్లవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. పాత ప్రాసెసర్లను విండోస్ 11 ఒప్పుకోదు. ఇంట్లో పిల్లల చదువుకు, నెట్టుకు వాడే యంత్రమైతే లినక్స్ మింట్ వేసుకోమని చెబుతాను. డబ్బు కట్టనక్కర లేదు, అప్‌డేట్లు ఏళ్ల తరబడి వస్తాయి, తెలుగు చక్కగా కనిపిస్తుంది. కానీ చిన్నాయన పేజ్‌మేకరు అక్కడ నమ్మకంగా నడవదు. అందుకే ఆయన యంత్రానికి నెట్టు పూర్తిగా తీసేశాను. అది టైపు కొట్టడానికే. నెట్టు పనికి ఫోను ఉంది.

ఇప్పుడు ఆయన ప్రశ్న దగ్గరికి వస్తాను. అను ఫాంటులో టైపు చేసిన పాట కంప్యూటరుకు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఏర్పాటది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పల్లవి చోట అర్థంలేని గీతలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు భద్రంగానే ఉంటుంది, పాట ఉండదు. వెతికితే దొరకదు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు, విండోస్ ఎక్స్‌పీ నాటికే గౌతమి ఫాంటు వచ్చింది. అయినా అచ్చుపని చేసేవాళ్లు అనును వదలలేకపోయారు. అక్షరం అందంగా ఉండేది, పేజ్‌మేకరు యూనికోడును ఎరగదు. ఇప్పుడు మండలి, రామరాజ, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఆ సాకు బలం తగ్గింది.

అందుకే కాపీ తీసేటప్పుడు ఒకే రూపంలో తీస్తే చాలదు. ప్రతి పాటకూ అసలు పేజ్‌మేకరు ఫైలు ఒకటి, పీడీఎఫ్ ఒకటి, యూనికోడులోకి మార్చిన పాఠం ఒకటి ఉంచుతున్నాం. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా కంటికి అలాగే కనిపిస్తుంది. మార్చే ప్రోగ్రాములు ఒత్తులను, అరుదైన సంయుక్తాక్షరాలను తప్పుగా దించుతాయి. మాండలికపు మాటలను సరిదిద్దడం పాట తెలిసినవాళ్లకే చేతనవుతుంది. ఈ పని ఆయన ఉండగానే కావాలని నా తొందర. బయటి డిస్కులోకి కాపీ చేశాక వెంటనే దాన్ని పీకి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది, పిడుగు దాన్నీ కాలుస్తుంది. మరో కాపీ బెంగళూరులో ఉన్న మా చెల్లెలి ఇంట్లో ఉంది. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా, ఆ ఇంటికి ఏదైనా అయితే అన్నీ కలిసే పోతాయి.

ఏ యంత్రమైనా ఒకనాటికి పాత సామాను బండికి పోవలసిందే. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి కారుతున్నాయంటే దాని మీద ఇంక ఖర్చు పెట్టొద్దు. కానీ బండివాడు వచ్చేలోపు స్క్రూడ్రైవరు తీసుకుని హార్డ్ డిస్కును విప్పి ఇంట్లో ఉంచుకోవాలి. డిలీట్ చేసిన ఫైళ్లు దాని మీద చాలాకాలం అలాగే ఉంటాయి. అందులో మీ ఆధార్ కాపీ ఉంటుంది, పాసుపుస్తకం స్కాను ఉంటుంది, డీటీపీ పని చేసినవాళ్ల ఇంటిదైతే ఊళ్లో సగంమంది అర్జీలు కూడా ఉంటాయి.