రికార్డుకి రెండో వైపు

"ఇది పాటా, పోట్లాటా?" అన్నాడు మా నాన్న, మొదటిసారి నా ఫోనులో బ్లాక్ ఫ్లాగ్ పాట విని. నవ్వి ఊరుకున్నాను. ఏమాటకామాటే చెప్పాలి, నాకు నచ్చింది ఆ పోట్లాటే.

అమెరికాలో, కాలిఫోర్నియా తీరాన హెర్మోసా బీచ్ అని ఒక చిన్న ఊరుంది. 1976లో గ్రెగ్ గిన్ అనే యువకుడు అక్కడ 'పానిక్' పేరుతో ఒక బృందం కట్టాడు. ఆ పేరు వేరొకరికి కూడా ఉండటంతో తర్వాత 'బ్లాక్ ఫ్లాగ్' అని మార్చుకున్నారు. గిన్ తమ్ముడు రేమండ్ పెటిబోన్ గీసిన నాలుగు నల్ల పట్టీలే వాళ్ళ గుర్తు. గిన్‌కి చిన్నతనం నుంచీ రేడియోల పిచ్చి. రేడియో సామాన్లు అమ్మడానికి పెట్టుకున్న ఎస్.ఎస్.టి. అనే చిన్న వ్యాపారం పేరునే తర్వాత రికార్డు కంపెనీకీ పెట్టాడు. ఎవరో వచ్చి తమ పాటలు వేస్తారని కూర్చోకుండా తామే వేసుకున్నారన్న మాట! ఫిజిక్సు విద్యార్థిని కదా, ఈ సంగతి చదివి తెగ సంబరపడ్డాను.

1979లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డులో నాలుగు పాటలు. నాలుగూ కలిపి ఐదు నిమిషాల పైచిలుకు, అంతే! హాస్టల్ గదిలోంచి మెస్సుకెళ్ళి క్యూలో నిలబడేలోగా అయిపోయేవి. ఫస్టియర్లో, నా ఇంగ్లీషు విని క్లాసంతా నవ్విన రోజు రాత్రి, వాటిని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాటలు సగం అర్థం కాలేదు గానీ కోపం పూర్తిగా అర్థమైంది.

పాడేవాళ్ళు మారుతూ వచ్చారు. కీత్ మోరిస్, రాన్ రేయెస్, డెజ్ కడేనా అయ్యాక, 1981లో హెన్రీ రోలిన్స్ వచ్చాడు. వాషింగ్టన్‌లో ఐస్‌క్రీం షాపు చూసుకునే కుర్రాడు. న్యూయార్కులో వాళ్ళ కచేరీకి వెళ్ళి, వేదికెక్కి ఒక పాట పాడాడు. అంతే, బృందంలోకి పిలిచారు. అప్పటికి అతని వయసు ఇరవై. ఇప్పుడు నా వయసూ అంతే. అదే ఏడాది 'డామేజ్డ్' వచ్చింది. దానితోపాటే పంపిణీ కంపెనీతో కోర్టు తగాదా వచ్చిపడింది. 1983లో ఆ కంపెనీ దివాలా తీసేదాకా సొంత పేరుతో కొత్త రికార్డు వేసే వీలు లేకపోయింది. అయినా సాధన మానలేదు. రోజూ గంటల తరబడి వాయించారు.

1984లో 'మై వార్' వచ్చింది. బాసు వాయించే మనిషి లేకపోతే, డేల్ నిక్సన్ అనే దొంగపేరుతో గిన్నే అదీ వాయించాడు. మొదటి వైపు మామూలే, ఉరుకులు పరుగులు. రెండో వైపు మాత్రం మూడే పాటలు, ఒక్కోటీ ఆరు నిమిషాల పైన. బురదలో బండి లాగినట్టు నడుస్తాయి. జుట్లు కూడా పెంచుకున్నారు. వేగం కోసం వచ్చిన అభిమానులు మండిపడ్డారు. నేనూ ఆ జాతివాణ్ణే. ఆ మూడు పాటలూ దాటేసేవాణ్ణి. "వీళ్ళు కూడా చల్లబడ్డారు" అనుకున్నాను.

పోయిన వేసవిలో మా మెట్టచేలో రెండు బోర్లూ ఎండిపోయాయి. మూడోది వేయించాం. రాత్రంతా రిగ్గు మోత. 400 అడుగులు దిగినా దుమ్మే లేచింది గాని చుక్క నీరు రాలేదు. తెల్లారి నాన్న ఎవర్నీ తిట్టలేదు, అరవలేదు. అప్పు తెచ్చిన డబ్బు లెక్కపెట్టి రిగ్గువాళ్ళకిచ్చి, గట్టుమీద కూర్చున్నాడు. పొద్దెక్కేదాకా కదల్లేదు. పక్కన కూర్చోవాలో, దూరంగా ఉండాలో తెలియక నేను జామచెట్టు కింద నిలబడిపోయాను.

హాస్టలుకి తిరిగొచ్చాక ఒక రాత్రి ఆ రెండో వైపు పూర్తిగా విన్నాను. అప్పుడు తెలిసింది, వాళ్ళు చల్లబడలేదు. కోపానికి వేగం ఒక్కటే కాదు, బరువు కూడా ఉంటుంది. ఇరవయ్యేళ్ళవాడి కోపం అరుస్తుంది. అప్పులు మోసినవాడి కోపం గట్టుమీద కూర్చుంటుంది. అన్నాళ్ళూ నాన్నకి కోపమే రాదనుకున్నాను, ఎంత తెలివితక్కువవాణ్ణో!

బ్లాక్ ఫ్లాగ్ 1986లో విడిపోయింది. తర్వాత గిన్ ఆ పేరుతో మళ్ళీ మళ్ళీ మనుషుల్ని కూడగట్టాడు. కానీ ఆనాడు జనం విసుక్కున్న ఆ నెమ్మది పాటలే మెల్విన్స్ లాంటి బృందాలకు దారి చూపాయి. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ తనకు బాగా నచ్చిన రికార్డుల జాబితాలో 'మై వార్' పేరు రాసుకున్నాడు. మారినవాడు దారి తప్పాడని మనం తొందరపడి తీర్పు చెప్పేస్తాం. మిత్రులారా, ఆ తొందర నాకూ ఉండేది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ రెండో వైపు నాన్నకి వినిపించాను. పోట్లాట అంటాడనుకున్నాను. కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.

"ఇదేదో మీ తాత మోట తోలినట్టుందిరా" అన్నాడు. "ఆపకు, ఉండనీ."