హార్స్లీ కొండ మలుపులో నలభై నిమిషాలు

మదనపల్లె నుండి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైబడిన ఎత్తున హార్స్లీ హిల్స్ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ వేసవి తాపం నుండి తప్పించుకోవడానికి ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు. ఆయన పేరే కొండకు నిలిచిపోయింది. అంతకు పూర్వం దీనిని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఏనుగులు తెచ్చి ఇచ్చిన ఆహారంతో బతికిన మల్లమ్మ అనే స్త్రీ చుట్టుపక్కల గిరిజనుల రోగాలను నయం చేసేదనీ, ఒకనాడు కనిపించకుండా పోయిందనీ స్థానికులు చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, రోగులకు సేవ చేసిన ఒక స్త్రీ జ్ఞాపకం ఈ కొండ పేరులో ఉండటం మాకు నచ్చింది. ఈ ప్రాంతపు గాలికి ఆ కీర్తి ఎలాగూ ఉంది. మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి శతాబ్దం కిందటే దూర ప్రాంతాల నుండి రోగులు వచ్చేవారు.

కిందనున్న పల్లెలలో టమాటా తోటలు, వేరుశనగ చేలు. ఘాట్ రోడ్డు ఎక్కేకొద్దీ బండరాళ్లు, ఆపైన నీలగిరి చెట్లు. వాటి బెరడు పొరలు పొరలుగా ఊడి రోడ్డు మీద పడుతుంది. మంచు కురిసిన తెల్లవారుజామున ఆ బెరడు, తడి ఆకులు, అంచుల్లో పేరుకున్న గ్రానైటు ఇసుక కలిసి సైకిలు చక్రానికి పెద్ద పరీక్ష పెడతాయి.

మా మదరసాకు జుమా రోజు సెలవు. నెలకొకసారి ఫజ్ర్ నమాజు ముగించుకుని, పూర్వ విద్యార్థులు ఐదారుగురితో కలిసి గేర్ల సైకిళ్లపై బయలుదేరడం మాకు కొన్నేళ్లుగా అలవాటు. యాభై దాటిన వయసులో ఎక్కడం ఆలస్యమే. మలుపు మలుపుకీ కుర్రాళ్లు ఆగి మా కోసం ఎదురుచూస్తారు. దిగడంలో మాత్రం అందరూ సమానమే, అసలు ప్రమాదమూ అందులోనే ఉంది. దిగుడంతా బ్రేకు నొక్కి ఉంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. నొక్కుతూ, వదులుతూ రావాలి. వేగం తగ్గించవలసింది మలుపు తిరిగేటప్పుడు కాదు, మలుపుకు ముందే. ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా పట్టినవాడు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు.

గత శీతాకాలంలో మా బృందంలోని ఒక యువకుడు సరిగ్గా అలాగే పడ్డాడు. మదనపల్లెలో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తాడు. తండ్రి లేడు, తల్లికి, చెల్లెలికి అతని జీతమే ఆధారం. మలుపు లోపలి అంచున ఇసుక కనబడగానే కంగారులో బ్రేకు పట్టాడు. మేము అతని వెనుక కొద్ది గజాల దూరంలో ఉన్నాము. చప్పుడు విని ఆగేసరికి రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాడు. హెల్మెట్ ఒక పక్క పగిలింది.

అందరూ అతని మీదికి పరుగెత్తారు. అప్పుడు మాకు గుర్తొచ్చింది అతని గాయం కాదు, పైనుండి రాబోయే బస్సు. ఇద్దరిని మలుపుకు పైన, ఒకరిని కింద నిలబెట్టి, ఎర్రటి జాకెట్ ఊపుతూ వాహనాలను ఆపమన్నాము. పడినవాడికి సాయం చేయబోయి మరొకరు లారీ కింద పడిన ఉదంతాలు మనం తరచూ వింటూనే ఉంటాము.

"హజ్రత్, లేపి కూర్చోబెడదాం" అని ఒకరన్నారు. వద్దన్నాము. తలకు దెబ్బ తగిలినవాడికి మెడ ఎముక కూడా దెబ్బతిని ఉండవచ్చు. లేపితే వెన్నులోని నరం తెగే ప్రమాదం ఉంది. హెల్మెట్ కూడా తీయనివ్వలేదు. ఊపిరి ఆడకపోతేనో, వాంతి వచ్చి గొంతుకు అడ్డుపడితేనో తప్ప దాన్ని తీయకూడదు. ఒక కుర్రాడు అతని తల వెనుక మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకున్నాడు. మరొకడు నీళ్ల సీసా మూత తీశాడు. అదీ వద్దన్నాము. శస్త్రచికిత్స అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. పైగా స్పృహ తగ్గినవాడికి నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దప్పికతో నోరెండిపోతున్నవాడికి నీళ్లివ్వకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజు అందరికీ తెలిసివచ్చింది.

మోచేతి నుండి రక్తం కారుతోంది. ఉతికిన తలగుడ్డ మడిచి, పది నిమిషాల పాటు తీసి చూడకుండా నొక్కి పట్టాము. మాటిమాటికీ తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం మళ్లీ ఊడిపోతుంది. మన ఇళ్లలో గాయం మీద కాఫీ పొడి, పసుపు అద్దే అలవాటు ఇంకా పోలేదు. లోతైన గాయాన్ని శుభ్రం చేయవలసిన వైద్యునికి అవి పని పెంచడం తప్ప చేసే మేలు లేదు. ఎడమ భుజం కిందికి జారి, మెడ కింది ఎముక దగ్గర ఎత్తుగా కనిపించింది. దాన్ని సరిచేయబోలేదు. అతనికి నొప్పి తక్కువగా ఉన్న స్థితిలోనే చేతిని ఛాతీ మీద ఉంచి, కదలకుండా చూశాము. కొండ చలికి వణుకుతుంటే మా శాలువ, మిగతావారి జాకెట్లు కప్పాము.

ఆ మలుపులో ఫోన్ సిగ్నల్ లేదు. ఒకడు సైకిలు మీద కిందికి దిగి, సిగ్నల్ దొరికిన చోట 108కి ఫోన్ చేశాడు. దగ్గరున్న కిలోమీటరు రాయి మీది అంకె చెప్పి, అంబులెన్సును వెంటబెట్టుకు రావడానికి అక్కడే నిలబడ్డాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవను కొండవాసులు ఎందుకంతగా తలుచుకుంటారో ఆ రోజు అర్థమైంది. ఇంతలో టమాటా ఖాళీ పెట్టెలతో వెళ్తున్న టెంపో ఆగింది. వెనుక పడుకోబెట్టి తీసుకెళ్తానని డ్రైవరు అన్నాడు. వెంటనే, "పోలీసు కేసు అంటారేమో సామీ" అని సంకోచించాడు. కేసు భయం లేదనీ, సైకిలు జారి తానే పడ్డాడనీ చెప్పాము. మోటారు వాహన ప్రమాదమైనా సరే, సదుద్దేశంతో సాయపడినవారిపై కేసు ఉండదని 2019 సవరణతో చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. పేరు చెప్పమని బలవంతం చేయరాదని దాని కింద చేసిన నిబంధనలు చెబుతాయి. ఎగుడుదిగుడు రోడ్డులో మెడకు ఆసరా లేకుండా తీసుకెళ్లడం సరికాదని మాత్రం అతని సాయాన్ని వద్దన్నాము. ఆ మనిషి వెళ్లిపోలేదు. టెంపోను మలుపుకు పైన అడ్డంగా పెట్టి, లైట్లు వేసి కాపలా కాశాడు.

అంబులెన్సు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలలో అతడు "హజ్రత్, నేను ఎక్కడ పడ్డాను?" అని ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. జవాబు చెప్పిన నిమిషానికే మళ్లీ అదే ప్రశ్న. భుజం కంటే ఆ ప్రశ్నే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. మెదడుకు కుదుపు తగిలినప్పుడు జ్ఞాపకం అలా తిరుగుతుంది. విసుక్కోకుండా ప్రతిసారీ మొదటిసారి అడిగినట్లే జవాబు చెప్పాము. కాలివేళ్లు కదిలించమంటే కదిలించాడు. అప్పుడు మా గుండె కాస్త కుదుటపడింది. పడిన సమయం, అడిగిన మాటలు, వాంతి లేదన్న సంగతి ఒక కుర్రాడు ఫోన్‌లో రాసిపెట్టాడు. ఆసుపత్రిలో వైద్యులు మొట్టమొదట అడిగినవి అవే.

తల్లికి ఫోన్ చేయడం మా వంతయింది. అబద్ధం చెప్పకూడదు, భయపెట్టకూడదు. "బెహన్, బేటా సైకిలు మీది నుండి పడ్డాడు. మాట్లాడుతున్నాడు. భుజం ఎముక విరిగినట్లుంది, తలకు స్కాన్ తీయిస్తున్నాము. మేము పక్కనే ఉన్నాము, తోడు ఎవరినైనా తీసుకుని రండి" అన్నాము. అటు నుండి కాసేపు మాట రాలేదు. తర్వాత ఆమె, "ఏమైనా తిన్నాడా?" అని మాత్రం అడిగింది.

స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలింది. మెడ కింది ఎముకకు శస్త్రచికిత్స అవసరం లేదని, చేతిని జోలె కట్టి వేలాడదీశారు. ఒక రోజు ఆసుపత్రిలోనే ఉంచి గమనిస్తామన్నారు. జుమా వేళ కావస్తోంది. దగ్గర మరెవరూ లేని రోగిని వదిలి వెళ్తే అతనికి హాని కలిగే పక్షంలో, అతని సేవలో ఉన్నవారికి జుమా నుండి మినహాయింపు ఉందని మా పాఠ్యగ్రంథాలలో చదువుకున్నదే. తల్లి ఇంకా దారిలోనే ఉంది. కాబట్టి ఒక కుర్రాణ్ణి అతని దగ్గర ఉంచి, మిగతావారిని మసీదుకు పంపాము. ఉండిపోయినవాడు ఆ మాట విని ఆశ్చర్యపోయాడు. ఆ మినహాయింపును పరీక్షలో రాసినవాడే, తన జీవితంలో అది వస్తుందనుకోలేదు.

ఇంటికి పంపేటప్పుడు వైద్యుడు హెచ్చరించాడు: తలనొప్పి పెరిగినా, పదేపదే వాంతి అయినా, నిద్ర నుండి లేపినా లేవకపోయినా వెంటనే తీసుకురావాలి. ఆ రెండు రాత్రులు మిత్రులు వంతుల వారీగా అతని ఇంట్లోనే పడుకున్నారు. పరామర్శకు పోయినవారు అరగంట కూర్చుని, టీ తాగి, ఫలానావాడు ఇలాగే పడి కుంటివాడయ్యాడని చెప్పి లేచి రావడం మన ఊళ్లలో మామూలు. మా కుర్రాళ్లు అలా చేయలేదు. దుకాణం యజమానితో మాట్లాడి, ఇద్దరు మిత్రులు సాయంత్రాలు అతని బదులు కౌంటర్‌లో నిలబడ్డారు. జీతం ఆగలేదు. తల్లికి తెలియకుండా మందుల చీటీలు చేతులు మారాయి. ఆమెకు తెలిసే ఉంటుంది, అడగలేదు.

కట్టు ఉన్న చేతితో వుజూ ఎలా అని అతడు ఫోన్‌లో అడిగాడు. కట్టు విప్పితే హాని ఉన్నచోట దానిపైనే తడి చేత్తో తుడవవచ్చనీ, చేయి ఎత్తలేకపోతే ఎత్తనవసరం లేదనీ చెప్పాము. నయంకావడానికి రెండున్నర నెలలు పట్టింది.

అతని సైకిలు ముందు చక్రం వంకర తీయించి మిత్రులు మదరసా వరండాలో పెట్టారు. ఎవరూ ఎక్కమనలేదు. చాలా రోజులు దాని దగ్గరికి రాలేదు. ఒక జుమా ఉదయం టైర్లలో గాలి నింపుతూ కనిపించాడు. ఆ రోజు అందరం కొండ పాదం దాకా మాత్రమే వెళ్లి, చింతచెట్టు కింద టిఫిను తిని వెనక్కి వచ్చాము.