అంగళ్లు నుంచి కౌండిన్య దాకా: ఎవరి జబ్బు ఎవరికి?

మదనపల్లె నుంచి కదిరి వైపు సాగే దారిలో, కురబలకోట మండలంలో ఉన్న ఊరు అంగళ్లు. అంగడి అన్న మాటకు బహువచనమే ఆ ఊరి పేరు. టమోటా బుట్టలు, మేకలు, గొర్రెలు, గడ్డి బండ్లు, ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల బస్సులు అన్నీ ఆ దారినే పోతాయి. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి అది. అంగళ్లు దాటి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. మా మద్రసా పై తరగతుల విద్యార్థులు ఐదుగురిని వెంటబెట్టుకుని ఆ దారిన మూడు దినాలు ప్రయాణించాము. గ్రంథాలలో చదివిన సృష్టి వైచిత్ర్యాన్ని కళ్లారా చూపించాలన్నదే మా ఉద్దేశం.

అంగళ్లులో బస్సు దిగగానే ఒక విద్యార్థి అడిగాడు: "హజ్రత్, కరోనా గబ్బిలాల నుంచి వచ్చిందంటారు కదా! అడవి మృగాల దాపులకు పోతే మనకు జబ్బులు అంటవా?"

న్యాయమైన ప్రశ్నే. అడవి మృగాల నుంచి మనుషులకు వచ్చే రోగాలు లేకపోలేదు. అయితే ఆ ప్రశ్నకు రెండో సగం ఒకటి ఉంది. మన నుంచి వాటికి ఏమి పోతున్నది? ఈ సగాన్ని మనం సాధారణంగా అడగము. మా మూడు దినాల ప్రయాణమంతా ఈ రెండో సగం చుట్టూనే నడిచింది.

అంగళ్లుకు సమీపంలోనే రిషివ్యాలీ ఉన్నది. ఒకప్పుడు బోడిగా ఉండిన ఆ లోయలో ఏండ్ల తరబడి చెట్లు పెంచారు. 1991లో దానిని పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు. దక్షిణ దేశపు రాతి కొండల్లో తప్ప మరెక్కడా కనబడని పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడ నివసిస్తుంది. ఆ చెట్ల నీడన కూర్చుని విద్యార్థులకు సాలిం అలీ గారి సంగతి చెప్పాము. భారతదేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కుగా నిలిచిన ఆ ముస్లిం శాస్త్రవేత్త పరిశోధనకు రోగాలతోనూ సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపడ్డాయి. వెంటనే చుట్టుపక్కల పల్లెల్లో మనుషులకు తీవ్రమైన జ్వరం సోకింది. కారణమైన వైరస్ రష్యా దేశంలో కనబడే ఒక వైరస్‌కు దగ్గరి చుట్టం. వలస పక్షులే దానిని మోసుకొచ్చాయేమోనన్న అనుమానం పుట్టింది. ఆ అనుమానం తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో సాలిం అలీ గారు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వేలాది పక్షులను పట్టి, కాళ్లకు ఉంగరాలు తొడిగి, వాటి రాకపోకలను గమనించే పని చేపట్టారు. చివరకు ఆ రోగాన్ని వ్యాపింపజేసేవి స్థానిక అడవిలోని పిడుదులేనని స్థిరపడింది. ఎదిగిన పిడుదులు పశువుల నెత్తురు తాగి పెరుగుతాయి. అడవి నరికి పశువులను లోపలికి తోలిన కొద్దీ పిడుదులు పెరిగాయి. కోతులు మనకు శత్రువులు కావు. మనకంటె ముందే మరణించి మనకు హెచ్చరిక ఇచ్చాయి. నేటికీ ఆ ప్రాంతాల్లో కోతి చచ్చిపడితే ఆరోగ్య సిబ్బంది వెంటనే అప్రమత్తమవుతారు.

రిషివ్యాలీ నుంచి హార్స్‌లీ కొండలెక్కాము. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ అనే ఆంగ్లేయుని పేరు ఆ కొండలకు పెట్టారు గాని, స్థానికులు పిలిచే పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే బాలిక అక్కడి అడవి ప్రజల జబ్బులు నయం చేసేదని జనం చెప్పుకునే గాథ. గాథ మాట ఎలా ఉన్నా, ఏనుగు, మనిషి, రోగం అనే మూడూ ఆ పేరులో కలిసి ఉండటం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఎందుకంటే ఆ కొండ దిగి మదనపల్లె చేరితే కనబడేది ఆరోగ్యవరం.

ఆరోగ్యవరం క్షయ ఆరోగ్యశాల 1915లో మొదలైంది. డెన్మార్క్ దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దానికి ప్రాణం పోశారు. క్షయకు మందు లేని ఆ కాలంలో, శుభ్రమైన గాలి కోసం, విశ్రాంతి కోసం దూర ప్రాంతాల నుంచి రోగులు అక్కడికి వచ్చేవారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని ఆరంభమైన తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. ఒక తరం మనుషులను క్షయ నుంచి కాపాడటానికి ఈ నేల పడిన పాటు చిన్నది కాదు.

ఆ క్షయ ఇప్పుడు అడవిలోకి ప్రవేశించింది. దక్షిణ భారత అడవుల్లో మూడు అడవి ఏనుగులలో క్షయ సూక్ష్మజీవిని నిర్ధారించిన పరిశోధన 2017లో ప్రచురితమైంది. అది పశువుల క్షయ కాదు. మనుషులను ఆశ్రయించి బతికే క్షయ క్రిమి. మనుషుల నుంచే అది ఏనుగులకు పాకుతుండవచ్చునని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. మావటివాండ్ర నుంచి పెంపుడు ఏనుగులకు క్షయ సోకుతుందని వైద్యులకు పూర్వమే తెలుసు. అడవిలో తిరిగే ఏనుగులోనూ అది కనబడటమే కొత్త కలవరం.

మరునాడు పుంగనూరు మీదుగా పలమనేరు చేరాము. పొట్టి పుంగనూరు ఆవుల పేరు వినని వారుండరు. పలమనేరులోని పశు పరిశోధనా స్థానంలో ఆ జాతిని కాపాడుతున్నారు. అడవికీ పశువుల కొట్టానికీ ఉన్న సంబంధం చెప్పటానికి అంతకంటె తగిన చోటు లేదు. 1968లో రిండర్‌పెస్ట్ అనే పశువుల పెద్దరోగం ముదుమలై, బందీపూర్ అడవుల్లోని అడవిదున్నల మందలను ఊడ్చివేసింది. ఆవులకూ ఎద్దులకూ పట్టుదలతో టీకాలు వేసిన ఫలితంగా ఆ రోగం భూమి మీది నుంచే తొలగిపోయిందని 2011లో ప్రపంచ సంస్థలు ప్రకటించాయి. అడవిదున్నలకు ఎవరూ సూది వేయలేదు. కొట్టంలోని ఆవుకు వేశారు, అడవిలోని దున్న బతికింది.

పలమనేరు నుంచి కుప్పం దాకా వ్యాపించినది కౌండిన్య అభయారణ్యం. 1990లో ఏర్పడిన దీని విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. ఎన్నో తరాలుగా ఏనుగు లేని ఈ అడవులకు 1980ల దశకంలో తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల నుంచి ఏనుగులు తరలివచ్చాయి. అప్పటి నుంచి పంటలు పోతున్నాయి, మనుషుల ప్రాణాలు పోతున్నాయి, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ మరణిస్తున్నాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను అప్పగించింది. వాటి కోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. కుంకీలు మావటివాండ్రతో కలిసి జీవిస్తాయి, అడవి ఏనుగులను తరిమే పనిలో వాటికి ఎదురవుతాయి. అందుచేత మావటి దగ్గును పరీక్ష చేయించడం ఏనుగుల రక్షణలో ఒక భాగమని విద్యార్థులకు చెప్పాము.

అడవి అంచున పశువులు మేపుకునే ఒక పెద్దాయన మాతో మాట కలిపాడు. గాలికుంటు సోకిన పశువును మందతో అడవికి తోలవద్దని పశువైద్యులు చెబుతారు, ఆ రోగం దుప్పులకూ అడవిదున్నలకూ అంటుతుంది అన్నాము. ఆయన నొచ్చుకోలేదు. "నిజమే సాబ్. నా ఆవుకు నోట్లో పుండ్లు, గిట్టల్లో పుండ్లు వచ్చినపుడు గూడా అడవికే తోలినా. ఇంట్లో కట్టేస్తే గడ్డి ఎవరిస్తారు? కొనేదానికి నా దగ్గర దుడ్లు యాడివి?" అన్నాడు. విద్యార్థులు మా ముఖం వైపు చూశారు. ఆ మాటకు జవాబు ఆయన ఒక్కడి చేతిలో లేదు.

ఆ సాయంత్రం కుప్పంలో మగ్రిబ్ తర్వాత మిగిలిన సంగతులు చెప్పుకున్నాము. 2018 సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 23 సింహాలు మరణించాయి. వాటిలో కొన్నింటికి సోకినది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్. అదే వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు వెయ్యి సింహాలను బలిగొన్నది. 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్లు అక్కడి సీసీఎంబీ శాస్త్రవేత్తలు నిర్ధారించారు. సింహం గుహలో ఉన్నది, జబ్బు దాని దగ్గరకు మనిషితో నడిచి వెళ్లింది. అడిగిన విద్యార్థికి ఇక జవాబు వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

రాబందుల సంగతి ఇంకా బాధాకరం. మా బాల్యంలో ఊరి వెలుపల పశువు చస్తే ఆకాశం నిండా రాబందులు దిగేవి. 1990ల నుంచి అవి కనుమరుగయ్యాయి. ఏదో అంటురోగమని తొలుత అందరూ అనుకున్నారు. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో బయటపడింది. ఆ మందు వేసిన పశువు కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. 2006లో పశువులకు ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. కాని అప్పటికే కళేబరాలు కుక్కల పాలయ్యాయి, పిచ్చికుక్క కాటు భయమూ మురికి నీటి బెడదా పెరిగాయి. రాబందులు పోయినందువల్ల 2000 నుంచి 2005 వరకు దేశంలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2024లో లెక్కగట్టారు. అడవికి మనం పంపినది తిరిగి మన గడపకే వచ్చింది.

జబ్బు పడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల వద్దకు తోలుకుపోరాదని దైవప్రవక్త (సఅసం) నిర్దేశించారని మనం పిల్లలకు నేర్పుతాము. ఈ కాలంలో ఆ నిర్దేశం మందకే పరిమితం కాదు, అడవి అంచు దాకా వర్తిస్తుందని మా అభిప్రాయం. పశువులున్న ఇంట ప్రభుత్వం ఉచితంగా వేసే గాలికుంటు టీకా తప్పించుకోరాదు. ఇంటి కుక్కకు టీకాలు వేయించాలి. పశువుకు నొప్పి మందు వేయవలసి వస్తే రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉన్నదా అని పశువైద్యుణ్ణి అడగాలి. బక్రీదు దినాన వ్యర్థాలను చెరువు గట్టునో అడవి దాపునో పారవేయక లోతుగా పూడ్చాలి. చచ్చిన మృగం కనబడితే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి తెలపాలి. రెండు వారాలు మించిన దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోవాలి.

ఇవన్నీ ఎవరి ఇంట్లో వారు చేసుకోగలవి. ఆ పెద్దాయన ప్రశ్న మాత్రం ఊరంతా కలిసి జవాబు చెప్పవలసినది. పేదవాని పశువుకు జబ్బు చేసినపుడు, అది తేరుకునే రెండు మూడు వారాలపాటు ఇంటి వద్దనే కట్టేసుకోవడానికి కావలసిన గడ్డిని మహల్లా వారంతా కలిసి సమకూర్చలేరా? ఆకలిగొన్న వానికి అన్నం పెట్టడం సదఖా అయితే, ఈ గడ్డి మోపూ సదఖాయే. దానివల్ల ఒక ఆవు కోలుకుంటుంది, ఒక కుటుంబం నిలబడుతుంది, పేరు తెలియని దుప్పుల మంద ఒకటి అడవిలో క్షేమంగా ఉంటుంది. అడవి అంచు ఊళ్లలోని మస్జిద్ పెద్దలు ఈ మాటను తమ జమాఅత్ ముందు ఉంచాలని కోరుతున్నాము.