కోటిలింగాల నాణేలు

పెరూలోని లీమా టంకశాల 1696 నుంచి ముద్రించిన ఎనిమిది ఎస్కూడోల బంగారు నాణేలపై టంకశాల గుర్తు, విలువ, సంవత్సరం ఉంటాయి కనుక సేకర్తకు కాలనిర్ణయం కష్టం కాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల నాణేలకు ఆ సౌకర్యం లేదు. రాగితోను, రాగిలో సీసం, తగరం కలిపిన పోటిన్ అనే మిశ్రలోహంతోను చేసిన ఆ చిన్న బిళ్ళలపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో రాజు పేరు చెక్కి ఉంటుందే తప్ప సంవత్సరం ఉండదు. అయితే, బంగారం కాకపోయినా, చరిత్రకు వీటి విలువే ఎక్కువనాలి. కాలం తేల్చడానికి దొరికిన చోటే ఆధారం కనుక, అది నమోదు కాకుండా సంతలో చేతులు మారిన బిళ్ళ సగం మూగబోతుంది. సంగనభట్ల నరహరిశర్మ సేకరించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి ప్రకటించడంతోనే, పురాణాల్లోను మహారాష్ట్రలోని నానేఘాట్ గుహ శిల్పం మీదా పేరుగా మిగిలిన శాతవాహన రాజు సిముకుడు ‘ఛిముక’గా తెలంగాణ నేలలో కనిపించాడు, పురాణాలు పేర్కొనని గోబద, నారన, సమగోప వంటి స్థానిక పాలకులూ వెలుగులోకి వచ్చారు.