ఐదు గొంతుల బడి

ఒక కంప్యూటరు, ఒక ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక జత హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లోనే రికార్డింగు, మిక్సింగు నేర్చుకుందామనుకునేవాళ్లకు పాత వీడియో గేముల పాటలను రీమిక్స్ చేయడాన్ని మించిన బడి లేదు. చాలామంది కాలక్షేపమని కొట్టిపారేసే పని ఇది. దీన్ని ఇంత గట్టిగా సమర్థించడానికి ఆ పాటల మీద మమకారం ఒక్కటే కారణం కాదు. అవి పుట్టిన యంత్రాల్లో మిక్సింగు అనే విడి దశే లేదు. ఏ గొంతు ముందుండాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నవన్నీ స్వరాలు రాసేటప్పుడే తేల్చుకోవాల్సి వచ్చింది. ఇవాళ ఇళ్లలో తయారయ్యే పాటలు బురదగా వినిపించడానికి కారణం చాలాసార్లు ఈక్యూ కాదు, కంప్రెసర్ కాదు, అరేంజ్‌మెంటే. ఆ సంగతి గేముల పాట నేర్పినంత సూటిగా ఇంకేదీ నేర్పదు.

1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌నే తీసుకుందాం. తొంభైల్లో మన ఊళ్లలో ‘టీవీ గేమ్’ పేరుతో అమ్ముడైన క్యాసెట్ల యంత్రాలు చాలావరకు దాని నకళ్లే. మారియో, కాంట్రా పాటలు ఎన్నో తెలుగు ఇళ్లలోకి వచ్చింది వాటితోనే. దాని సౌండ్ చిప్‌లో ఐదు చానెళ్లున్నాయి: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, చిన్న చిన్న రికార్డింగు ముక్కలు వాయించేది ఒకటి. బేస్ పని మామూలుగా ట్రయాంగిల్‌ది. విచిత్రమేమిటంటే దానికి వాల్యూమ్ తగ్గించే వీలే లేదు. మోగితే పూర్తిగా మోగుతుంది, లేదంటే ఆగిపోతుంది. బేస్ ఎక్కువైందనిపిస్తే ఇవాళ మనం ఫేడర్ కిందికి లాగుతాం. అప్పటి స్వరకర్త ఆ స్వరాన్ని పొట్టిగా కొయ్యాలి, లేదా పై స్థాయికి జరపాలి, లేదా బేస్ లేని చోటే పాటకు ఊపిరి ఇవ్వాలి. పల్స్ చానెళ్లలో తరంగం వెడల్పును 12.5, 25, 50 శాతాలుగా మార్చుకోవచ్చు. 50 శాతం దగ్గర శబ్దం గుల్లగా ఉండి, క్లారినెట్‌ను తలపిస్తుంది, 12.5 దగ్గర సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. బాణీని ఒక వెడల్పులో, తోడు స్వరాన్ని ఇంకో వెడల్పులో పెట్టి రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా చూసుకునేవారు. ఈక్యూతో మనం చేసే పని ఇదే. ఎకో కావాలంటే రెండో పల్స్ చానెల్లో అదే బాణీని కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువ శబ్దంతో మళ్లీ వాయించేవారు. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నాక కూడా మారియో గెంతిన ప్రతిసారీ ఆ శబ్దం కోసం ఒక పల్స్ చానెల్ కాసేపు పాట చేయి జారిపోతుంది. కోజీ కొండో 1985లో రాసిన ఆ పాట, ఆడేవాళ్లు ఏ క్షణాన ఏ ముక్కను చెరిపేస్తారో తెలియకపోయినా పాటగా నిలబడాలి. నిలబడింది కూడా. 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చుకున్న తొలి వీడియో గేమ్ సంగీతం అదే.

తరువాతి తరం యంత్రం ఇంకా విలువైన పాఠం చెబుతుంది. 1990 నాటి సూపర్ ఫామికామ్‌లో ఎనిమిది చానెళ్లు, అసలు వాద్యాల నమూనాలు, చిప్‌లోనే ఎకో ఉన్నాయి. కానీ శబ్దానికి ఇచ్చిన మెమరీ మొత్తం 64 కిలోబైట్లు. ఎకోలో ప్రతి 16 మిల్లీసెకన్ల ఆలస్యానికి 2 కిలోబైట్లు ఖర్చు. గరిష్ఠంగా 240 మిల్లీసెకన్లు పెట్టుకుంటే 30 కిలోబైట్లు దానికే పోతాయి. వయొలిన్లు, డ్రమ్ములు, పాట రాత అన్నీ మిగిలిన దాంట్లో సర్దాలి. కాబట్టి ఎకో పెంచుతున్నారంటే ఏదో ఒక వాద్యాన్ని వదులుకుంటున్నట్టే. ఇవాళ రివర్బ్‌కు ఆ ఖర్చు లేదు, అందుకే ప్రతి ట్రాకు మీదా పడుతోంది. కొత్తగా రీమిక్స్ మొదలుపెట్టినవాళ్లు పల్స్ బాణీని గిటారుకు, తోడు స్వరాన్ని వయొలిన్లకు, ట్రయాంగిల్‌ను బేస్ గిటారుకు అప్పగిస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. ఆపైన పియానో, దాని వెనక ప్యాడ్ అనే సాగే నేపథ్య శబ్దం, దాని వెనక కోరస్ వచ్చి చేరతాయి. పియానో ఎడమచేయి, గిటారు కింది తీగలు, ప్యాడ్, మగ గొంతుల కోరస్ అన్నీ 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్యే చోటు వెతుక్కుంటాయి. పెళ్లింట్లో ఒకే గదిలో పదిమంది ఒకేసారి మాట్లాడుతున్నట్టుంటుంది. ఎవరి మాటా అర్థం కాదు. అప్పుడు ఒక్కో ట్రాకునూ ఈక్యూతో చెక్కుతారు, ఇంకో ప్లగిన్ కొంటారు. మూలంలో ఆ చోట ఒకే ఒక్క గొంతు ఉందని ముందే గమనిస్తే అసలు ఆ ప్యాడే అక్కర్లేదని తెలిసిపోయేది.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఆ పరిమితులను స్వరకర్తలు కోరుకోలేదు, భరించారు. భరించినదాన్ని మనం గొప్పగా చెప్పుకోవడం ఎందుకు? డ్రాగన్ క్వెస్ట్ ఆటల స్వరకర్త కోయిచి సుగియామా 1987లోనే ఆ సంగీతాన్ని టోక్యోలో ఆర్కెస్ట్రా కచేరీకి తీసుకెళ్లారు. నొబువో ఉఎమాట్సు 1994లో ఫైనల్ ఫాంటసీ ఆరో ఆటలో ఎనిమిది చానెళ్లతోనే ఒక ఒపేరా ఘట్టం కట్టారు. మనసు ఎటు లాగుతోందో అక్కడే తెలుస్తుంది. ఈ మాట పూర్తిగా నిజం. లేమిని పూజించనక్కర్లేదు. కానీ ఆర్కెస్ట్రాకు వెళ్లాక ఆ బాణీలు చెదరకపోవడానికి కారణం ఉంది: పాట, బేస్, తోడు స్వరం మూడూ వేటికవే నిండుగా ఉండి, ఒకదానికొకటి దారి ఇచ్చేలా రాసుకున్నవి. ఆర్కెస్ట్రాలో ఎనభై మంది కూర్చున్నా ఎనభై మందీ అన్నివేళలా వాయించరు. ఫ్లూటుకు వంతు వస్తే ఇత్తడి వాద్యాలు ఆగుతాయి. ఐదు చానెళ్ల చిప్ నేర్పేదీ, మంచి ఆర్కెస్ట్రేషన్ పుస్తకం నేర్పేదీ ఈ సంయమనమే. ఈ రెండింటికీ మధ్య, ఎన్ని ట్రాకులు తెరిచినా అడ్డు చెప్పేవాళ్లు లేని ఇంటి కంప్యూటరు దగ్గరే అది దొరకడం కష్టం.

మరో అభ్యంతరం గది గురించి. పడకగదిలో మిక్సింగు ఏమిటి, స్టూడియో లేనిదే కుదరదంటారు. గది అబద్ధం చెబుతుందన్నది వాస్తవమే, ఎంత చెబుతుందో లెక్క వేయవచ్చు. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే, ఆ దూరానికి రెట్టింపు పొడవున్న తరంగం, అంటే దాదాపు 56 హెర్ట్జ్ శబ్దం, ఆ గోడల మధ్య నిలిచిపోతుంది. గోడల దగ్గర అది ఉబ్బుతుంది, గది నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. బేస్ గిటారులో ఎ తీగను వట్టిగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. పదడుగుల చదరపు గది మధ్యలో కుర్చీ వేసుకున్నవాళ్లకు ఆ స్వరం వినపడక బేస్ పెంచుతారు; పాట కారు స్పీకర్లలోకి వెళ్లగానే దద్దరిల్లుతుంది. విరుగుడు ఖరీదైనది కాదు. కుర్చీని గది మధ్య నుంచి జరపడం, మూలల్లో పరుపులో దిండ్లో నిలబెట్టడం, బేస్‌ను హెడ్‌ఫోన్లలో సరిచూసుకోవడం, బాగా తెలిసిన పాట ఒకదాన్ని అదే స్పీకర్లలో పక్కనే వింటూ పోల్చుకోవడం చాలు. రికార్డింగుదీ అదే దారి. గాయకుడి వెనక బట్టల బీరువా తలుపులు తెరిచి, మైకు జానెడు దూరంలో పెట్టి, ఫ్యాను ఆపేస్తే గది చప్పుడు సగం తగ్గినట్టే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి, వైరింగు సరిగా లేని ఇంట్లో ఆ రొద, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ దగ్గరి రొద మైకు తీగలోకి పాకుతాయి. ఫోను చార్జరును, ఇన్వర్టరును దూరం పెట్టి చూడాలి. ఇన్ని చేసినా గది పూర్తిగా లొంగదు. అందుకే కింది స్థాయిలో ఒకే ఒక్క గొంతున్న పాటతో నేర్చుకోవడం మేలు. అబద్ధం చెప్పే గదిలో ఒక బేస్‌ను తూచడం సాధ్యమే. బేస్ గిటారు, సింథ్ బేస్, లోతైన డ్రమ్ము మూడింటినీ ఒకేసారి తూచడం అనుభవజ్ఞులకే కష్టం.

చెవి కూడా ఒక గదిలాంటిదేనని మరిచిపోకూడదు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి కింది స్వరాలు ముందుగా పలచబడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. గట్టిగా పెట్టుకుని కలిపిన పాట బ్రహ్మాండంగా తోస్తుంది, నెమ్మదిగా పెడితే డొల్లగా ఉంటుంది. గట్టిగా లేకపోతే ఎవరు వింటారన్న భయంతో లిమిటర్‌తో నొక్కి నొక్కి పెంచేవాళ్లున్నారు. స్పాటిఫై మామూలుగా పాటలన్నింటినీ మైనస్ 14 లఫ్స్ (వినిపించే గట్టిదనపు కొలత) దగ్గరికి సమం చేస్తుంది. అతిగా పెంచినదాన్ని తిరిగి తగ్గించేస్తుంది. డ్రమ్ము దెబ్బలో పదును మాత్రం పోయిందంటే పోయినట్టే.

చివరి అభ్యంతరం గౌరవానికి సంబంధించినది: ఇంకొకరి పాట మీద ఇంత శ్రమ ఎందుకు, సొంతంగా రాసుకోవచ్చుగా? తెలుగు శ్రోతలకు రీమిక్స్ అనగానే పాత సినిమా పాటకు మోతలు తగిలించిన సంగతులే గుర్తొస్తాయి కనుక ఈ అనుమానం సహజం. కానీ గేము పాటల్లో జగమెరిగినదైన టెట్రిస్ బాణీయే ఒక రష్యన్ జానపద గీతం. 1989లో గేమ్ బాయ్ కోసం హిరొకజు తనక దాన్ని నాలుగు చానెళ్లకు అమర్చారు. త్యాగరాజ కృతులను వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం శిష్యపరంపరలు వేర్వేరు పాఠాంతరాలతో పాడుకుంటూ వస్తే మనం దాన్ని సంప్రదాయం అన్నాం. 2008లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ ఆట కొత్త రూపానికి సంగీతాన్ని క్యాప్‌కామ్ సంస్థ ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ బృందానికి, అంటే అభిమానంతో రీమిక్సులు చేస్తూ వచ్చినవాళ్లకు, అప్పగించింది. 2022లో కర్బీ ఆటలోని బాణీకి ఎయిట్ బిట్ బిగ్ బ్యాండ్ చేసిన అరేంజ్‌మెంటుకు గ్రామీ వచ్చింది. నేర్చుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే దీనికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. సొంత పాట తేలిపోతే తప్పు బాణీదో మిక్సుదో తెలియదు. మారియో పాట తేలిపోతే తప్పు బాణీది కాదని ముందే తెలుసు. అయితే ఆ బాణీ స్వరకర్తదో, సంస్థదో. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ కవర్ వెర్షన్లకు దారి ఇచ్చినా, మొదటి రికార్డింగు తర్వాత ఐదు క్యాలెండరు సంవత్సరాలు ఆగాలంది, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులను ఒప్పుకోలేదు. బాణీని మార్చి కట్టిన రీమిక్సును అమ్మాలంటే హక్కుదారు అనుమతి తీసుకోవాల్సిందే, స్వరకర్త పేరు వేయాల్సిందే. ఆ పేరు వేయడంలో పిసినారితనం చూపేవాళ్లను సమర్థించడానికి ఏ వాదమూ లేదు.

ఈ పని మొదలుపెట్టబోయేవాళ్లను కోరేది ఒక్కటే. ప్లగిన్లు కొనే ముందు ఆ పాత పాటను ఒక్కో చానెల్ విడదీసి వినండి. పాత చిప్‌ల పాటలను అలా వినిపించే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. బాణీ, బేస్, తాళం మూడే ట్రాకులతో, ఒకే స్పీకర్లో, పక్కగదిలోవాళ్లకు ఇబ్బంది లేనంత నెమ్మదిగా పెట్టి మీ రీమిక్సును నిలబెట్టండి. అది నిలబడేదాకా నాలుగో ట్రాకు తెరవకండి.