మిగతాది ఎటు పోయింది?

గత నెల మా అమ్మాయి క్లాసు పిల్లలతో కలిసి భద్రాచలం దాటి, దుమ్ముగూడెం వైపు ఒక కోయ గూడేనికి వెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్లలు, ఇద్దరు టీచర్లు, తోడుగా తల్లిదండ్రులం ముగ్గురం. దుప్పట్లు, నోటు పుస్తకాలు పంచి, ఫొటోలు దిగి (నిజమే చెబుతున్నాను) సాయంత్రానికి వచ్చేస్తామనుకున్నా. అక్కడి మహిళా సంఘం వాళ్లు అడిగింది వేరు. "చింతపండు తూస్తున్నాం. లెక్క రాసిపెట్టండి" అన్నారు.

అడవి సరుకును షావుకార్లు అప్పు కింద, తప్పుడు తూకంతో పట్టుకుపోకుండా ఉండాలని 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ మొదలైంది. చింతపండు, తేనె, తపసి జిగురు కొనడం, ఉప్పూపప్పూ సరసమైన ధరకు అమ్మడం దాని పని. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. ఈ గూడెం సంఘం ఇంటింటి సరుకూ ఊళ్లోనే తూచి, అంతా కలిపి డిపోకు చేరుస్తుంది. వచ్చిన డబ్బు లెక్కల పుస్తకం చూసే పంచుకుంటారు.

ఆ పుస్తకం మా పాప చేతికిచ్చారు. ఒక అవ్వ సంచి 7 కిలోల 850 గ్రాములు తూగింది. పాప 7 అని రాసి, తర్వాతి సంచి పెట్టమంది. అవ్వ కదల్లేదు.

"మిగతాది ఎటు పోయింది బిడ్డా?"

"కూడడం తేలికవుతుందని అవ్వా..."

దశాంశాల్లో మా పాపకు ఎప్పుడూ పూర్తి మార్కులే. అవ్వ కోప్పడలేదు. వెనకటి షావుకారూ అట్లనే రాసేటోడు అంది, అంతే. పాప ముఖం మాడిపోయింది.

అప్పటికి పంతొమ్మిది పేర్లు అలాగే రాసేసింది. సంచులు ఇంకా కలపలేదు కాబట్టి సరిపోయింది. నేను సరిచేస్తానని టీచర్ చెవిలో అన్నాను, ఆమె వద్దన్నారు. నీళ్లకెళ్లిన వాళ్లను, పొయ్యి దగ్గరున్న వాళ్లను పాప ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చి, వాళ్ల ఎదుటే మళ్లీ తూయించి రాసింది. మధ్యాహ్నం భోజనం మూడింటికైంది. తేడా మొత్తం 9 కిలోల 300 గ్రాములు.

ఇక ఇప్పపువ్వు కాలం. తెల్లవారుజామునే ఏరి ఎండబెడతారు. ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది కనుక ఏ రోజు తూచారో కూడా రాసుకోవాలి. సంఘం వాళ్లు మళ్లీ రమ్మన్నారు. మన పిల్లలకేమో అప్పుడే పరీక్షలు. ఒక్క ఆదివారం చాలు. ముగ్గురు తల్లిదండ్రులు ఇప్పటికే సరేనన్నారు, వ్యాన్‌లో ఇంకా చోటుంది.