ఫ్యాను స్విచ్చి మీద బొట్టు

మా అమ్మ మంచం పక్కన గోడకి ఒక బోర్డుంది. దాని మీద ఎనిమిది స్విచ్చులు. ఎనిమిదీ తెల్లవే, ఒకే కొలత, ఒకే వరస. మొన్న అర్ధరాత్రి ఉక్కపోసి, ఫ్యాను వేద్దామని ఆవిడ ఒకటి నొక్కితే ట్యూబులైటు వెలిగింది. ఇంకోటి నొక్కితే బాల్కనీలో బల్బు. ఇంకోటి దేనిదో గృహప్రవేశమై ఆర్నెల్లయినా మాకెవరికీ తెలీదు. తెల్లారి చూద్దును గదా, ఒక స్విచ్చి మీద ఎర్రటి స్టిక్కరు బొట్టు.

"ఇదేనే ఫ్యానుది. చీకట్లో తడిమినా వేలికి తగులుతుంది" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది, అమ్మ మీద కాదు. అంత డబ్బు పోసి కొన్న ఇంట్లో, బోర్డు బిగించినవాళ్లు చేయాల్సిన పనిని డెబ్బై దాటిన మనిషి తన బొట్టుబిళ్లతో చేసుకోవాల్సి వచ్చింది. పైగా చుట్టాలొచ్చి తప్పు స్విచ్చి నొక్కినప్పుడల్లా "అయ్యో, నాకు తెలీలేదమ్మా" అని వాళ్లే నొచ్చుకుంటారు. వాళ్ల తప్పేముంది?

డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1988లో రోజువారీ వస్తువుల మీద ఒక పుస్తకమే రాశాడు. వస్తువు వాడటంలో మనుషులు పదేపదే పొరబడుతుంటే లోపం మనుషుల్లో కాదు, వస్తువులో వెతకమంటాడు. తలుపుకి చదును రేకుంటే చెయ్యి దానంతటదే నెడుతుంది, పిడి ఉంటే లాగుతుంది. పిడి పెట్టి "నెట్టుము" అని రాస్తే ఆ రాత ఎవరు చూస్తారు? పొయ్యి సంగతీ అంతే. రెండు బర్నర్ల స్టవ్వు మీద ఎడమ నాబ్ ఎడమ పొయ్యిది, కుడిది కుడిదానిది. ఎవరూ నేర్పక్కర్లేదు. అదే నాలుగు బర్నర్లు చదరంగా పెట్టి, నాబ్‌లు మాత్రం ఒకే వరసలో బిగిస్తే పాలగిన్నె ఒకచోట, మంట ఒకచోట.

ఇవన్నీ తలుచుకుంటే నాకు చెంబే గుర్తొస్తుంది. ఇత్తడి చెంబుని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. అంచు బయటికి వాలి ఉంటుంది, అందుకే నీళ్లు ధారగా పడతాయి. దాని కింద మెడ సన్నం, తడిచేతికైనా జారదు. పొట్ట గుండ్రం, చింతపండేసి తోమితే మురికి దాక్కోడానికి మూలలుండవు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికన్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో ఇచ్చిన నివేదికలో, ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిట్లోకీ ఈ చెంబునే నెత్తిన పెట్టుకున్నారు. ఏ ఒక్కరో గీసింది కాదనీ, తరతరాల చేతులు దిద్దిందనీ గుర్తించారు. అహ్మదాబాద్‌లో 1961లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టడానికి ఆ నివేదికే పునాది.

మా అమ్మమ్మకి అదేమీ తెలీదు. వేసవిలో పెరట్లో మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. ఆవిడ మంచం కింద చెంబునిండా నీళ్లు, పైన గ్లాసు బోర్లించి ఉండేది. చివరి రోజుల్లో రెండు కళ్లకీ శుక్లాలు. అయినా ఏ జాముకి దాహమేసినా చెయ్యి కిందికి చాచేది. ముందు గ్లాసు తగిలేది, తర్వాత చెంబు మెడ. చుక్క ఒలికేది కాదు. పక్కన పడుకున్న నన్ను ఏనాడూ లేపలేదు. గ్లాసు తీసిన చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు, మళ్లీ గ్లాసు బోర్లించిన చప్పుడు. ఆ మూడూ విని నేను అటు తిరిగి పడుకునేదాన్ని.

ఇళ్లు కట్టేవాళ్లకి, స్విచ్చులు చేసేవాళ్లకి నాదొక్కటే మనవి. బోర్డు బిగించాక ఒకసారి లైటు ఆర్పి, చేత్తో తడిమి ఫ్యాను వేసి చూడండి. మీ చేతికి దొరక్కపోతే మా అమ్మ చేతికీ దొరకదు. దాని చోటైనా మార్చండి, ఆకారమైనా మార్చండి.